మట్టితో పాటు వెళ్ళిపోయిన దుంప

నా భార్య మార్గశిరంలో పోయింది. ఆ నెలలో మే పువ్వు కుండీలో ఏమీ కనిపించదు. ఆకు ఉండదు, కాడ ఉండదు. పైకి మట్టి మాత్రమే ఉంటుంది. మొక్కల సంగతి తెలియనివాళ్ళకు అది ఖాళీ కుండీ.

ఆ మొక్క మామూలుదే. ఉల్లిపాయంత దుంప మట్టిలో ఉంటుంది. ఏడాదికి ఒక్కసారి, ఎండలు ముదిరి ఒకటి రెండు వానలు పడ్డాక, ఒక కాడ లేచి దాని చివర బంతంత ఎర్రటి పువ్వు పూస్తుంది. వారం పది రోజులు ఉంటుంది. పువ్వుతోనో పువ్వు వెనకనో ఆకులొస్తాయి. చలి మొదలయ్యేసరికి ఆకులు పండి రాలిపోతాయి. మళ్ళీ వేసవి దాకా దుంప లోపల నిద్రపోతుంది.

మా ఇల్లు శ్రీకాకుళంలో. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆమె మోకాళ్ళ నొప్పులతోనే రోజుకు రెండుసార్లు మేడ ఎక్కేది. వంకాయలు, బెండకాయలు, బచ్చలి, మందారాలు, నాకు పేర్లు తెలియని మరికొన్ని అక్కడ ఉండేవి. ఊళ్ళోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ మేడల మీద మొక్కలు పెంచే ఆడవాళ్ళకు ఒక గ్రూపు ఉంది. రోజూ ఫోన్లో మొక్కల ఫోటోలు పెట్టుకుంటారు. మే నెల మొదట్లో ఒక ఆదివారం వ్యాను మాట్లాడుకుని విజయనగరంలో జరిగే పళ్ళ, పూల ప్రదర్శనకు వెళ్తారు. దారిలో తమవాళ్ళ తోటలు చూస్తారు, మొక్కలు ఇచ్చిపుచ్చుకుంటారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు తోటల టూరు. అది ఆడవాళ్ళ వ్యాను. నేను తెల్లవారుజామున ఆమెను వీధి చివర దాకా తీసుకెళ్ళి ఎక్కించి వచ్చేవాణ్ణి.

ఆమె ఎవరి తోటకు వెళ్ళినా ముందు మొక్కను చూసేది కాదట. కుండీలో వేలు గుచ్చి మట్టి చూసేదట. కొందరికి అది నచ్చేది కాదు. "మాయమ్మ తనిఖీకి వచ్చింది," అని నవ్వుకునేవారట. ఈ సంగతి ఆమె పోయాక పరామర్శకు వచ్చినవాళ్ళు చెప్పారు. ఆ రోజుల్లో చాలామంది నాకు చాలా పెద్ద మాటలు చెప్పారు. కొందరు పద్యాలు కూడా పంపారు. నాకు గుర్తున్నది ఈ వేలు సంగతి ఒక్కటే.

మే పువ్వు దుంప అలాంటి ఒక టూరులోనే ఆమెకు దొరికింది. తెచ్చి మెట్ల పక్కన మట్టికుండీలో పెట్టింది. ఆ ఏడాది ఆకులొచ్చాయి. మరుసటి ఏడాదీ ఆకులే. ఆ పైనా అంతే. గ్రూపులో అందరిళ్ళలోనూ పూసింది, మా ఇంట్లో పుయ్యలేదు. వాళ్ళు ఫోటోలు పెట్టి మరీ ఏడిపించేవారు. "మీదేటమ్మా, ఏ మే నెల్లో పూస్తాది? వచ్చే జన్మలోనేటి?" అని ఎవరో ఫోన్లో మాట్లాడి పంపిస్తే నాకు వినిపించి నవ్వింది.

"ఆకులు బాగున్నాయి కదా," అన్నాను.

"ఆకులు బచ్చలికి బాగుంటే సాలు. దీనికి పువ్వే గావాల. వస్తాది లెండి. తొందరేటి?"

చలికాలంలో కూడా ఆమె ఆ కుండీకి నీళ్ళు పోసేది. ఏమీ లేని కుండీకి నీళ్ళెందుకని ఒకసారి అడిగాను. "పడుకున్నోళ్ళకి దాహం ఎయ్యదేటండీ?" అంది.

పెద్దకర్మ నాడు మేడ మీద భోజనాలు పెట్టాలన్నారు. నా బావమరిది అన్నీ దగ్గరుండి చూసుకున్నాడు. మొక్కలున్న కుండీలను పిట్టగోడ వారకు జరిపించాడు. ఖాళీగా ఉన్నవాటిని బోర్లించి ఒక మూల పేర్పించాడు. మట్టి కుప్పగా మిగిలింది. గ్రూపులో ఒక పద్ధతి ఉంది. తమలో ఎవరైనా ఊరు వదిలినా, మొక్కలు మానేసినా ఆ మట్టిని పారెయ్యనివ్వరు. మొక్క ఎక్కడైనా దొరుకుతుంది, ఏళ్ళ తరబడి పేడా చెత్తా మగ్గబెట్టి తయారుచేసిన మట్టి దొరకదు అంటారు. ఆ రోజు భోజనాలకు వచ్చిన వాళ్ళు ఆ కుప్పను చూసి, బావమరిదిని అడిగి, బస్తాలకెత్తి పంచుకుని తీసుకెళ్ళారు. నేను కింద గదిలో ఉన్నాను. నాకిదంతా తరువాత తెలిసింది.

ఆమె ఫోన్ను నేను ఆపలేదు. గ్రూపు ఫోటోలు రోజూ వస్తూనే ఉన్నాయి. ఏప్రిల్ ఆఖరులో ఒక ఉదయం ఒకావిడ తన కుండీ ఫోటో పెట్టింది. మట్టిని చీల్చుకుని వేలి కొసంత ఎర్రటి మొగ్గ. కింద "మా మే పువ్వు వచ్చేసిందోచ్" అని రాసింది. నేను ఫోను చేతిలో పట్టుకునే మేడ ఎక్కాను. మెట్ల పక్కన కుండీ లేదు. పెద్దకర్మ నాటి నుంచి కుండీలన్నీ పిట్టగోడ వారనే ఉండటంతో అప్పటిదాకా నేను గమనించలేదు. మూలన బోర్లించిన కుండీల్లో అది అడుగున ఉంది. లోపల పొడి సాలెగూడు తప్ప ఏమీ లేదు.

బావమరిదికి ఫోన్ చేశాను.

"మెట్ల దగ్గర కుండీ ఏం చేశారు?"

"ఏ కుండీ బావా?"

"ఏమీ లేకుండా ఉండేది."

"ఏటీ లేనిదాన్ని ఎలాగ గుర్తెట్టుకుంతాను బావా? ఖాళీవన్నీ బోర్లించీసినాం. మట్టి ఆ ఆడోళ్ళు అట్టుకుపోనారు." గొంతు తగ్గించాడు. "ఏటైనాది? అక్క అందులో ఏటైనా దాసుకుందేటి?"

"దుంప."

"సేమదుంపా?"

"పువ్వు దుంప."

"నాకు తెలీదు బావా," అన్నాడు. "అక్క మీద ఒట్టు, తెలీదు." అతని గొంతు మారిపోవడంతో, నేనే ఏవో మాటలు చెప్పి పెట్టేశాను.

గ్రూపుకు పెద్ద మా పక్క వీధిలోనే ఉంటుంది. టెలిఫోను ఆఫీసులో పనిచేసి రిటైరయింది. అందరూ ఆమెను అక్క అంటారు. సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆమె నెత్తి కొట్టుకుంది.

"కుప్పలో దుంపుందని నాకు తట్టనేదు సూడండి. నేను బతికున్నానా సచ్చానా? మట్టి మూడిళ్ళకి ఎల్లింది మాస్టారూ. నా వాటా నేను అప్పుడే కుండీల్లో సర్దీసినాను, దుంప కనపడనేదు. మిగిలింది నెల్లిమర్లావిడ దగ్గరా, చీపురుపల్లావిడ దగ్గరా."

"ఫోన్ చేసి అడగండి."

"అడిగితే వాళ్ళకేటి తెలుస్తాది? లోపలుంటే మొలవాల. ఈ నెల్లో తప్ప అది బయటపడదు. ఎలాగూ పై ఆదివారం ఎల్తన్నాం. మీరే వచ్చి సూసుకోండి."

"నేనా? ఆడవాళ్ళ వ్యానులోనా?"

"ఏం, మిమ్మల్ని కొరుక్కుతింటామేటి?"

ఇంటికొచ్చి ఆలోచించాను. అలాంటి దుంప ఏ నర్సరీలోనైనా దొరుకుతుంది. నాకు కావలసింది పువ్వు కాదు. ఆమె అన్నేళ్ళు ఎదురుచూసి, పువ్వు చూడకుండానే పోయిన ఆ ఒక్క మొక్క. అది ఎక్కడైనా బతికి ఉంటే ఇంటికి తెచ్చుకోవాలి. ఒకవేళ పూస్తే ఆమె బదులు నేనైనా చూడాలి.

ఆదివారం ఇంకా చీకటిగా ఉండగా వ్యాను వచ్చింది. నాకు ముందు సీటు వదిలారు. వెనక అందరూ మాట్లాడకుండా కూర్చున్నారు. హైవే ఎక్కి కొంత దూరం పోయాక ఒకావిడ పెద్దగా నిట్టూర్చింది. "మాస్టారున్నారని నోరు కట్టుకుంతే నేను ఇజీనారం దాకా బతకను. ఏటనుకోకండి మాస్టారూ." ఆ తరువాత వ్యాను మామూలైపోయింది. మొక్కలకు పట్టే పిండినల్లికి పులిసిన మజ్జిగ మంచిదా, వేపనూనె మంచిదా అన్న వాదన మొదలైంది. ఎవరో ఇడ్లీ పొట్లం నా ఒళ్ళో పెట్టారు. మా ఆవిడ కూడా ఈ వ్యానులో ఇలాగే కూర్చుని ఉంటుంది. ఇంట్లో తక్కువ మాట్లాడే మనిషి. ఇక్కడ ఎలా మాట్లాడేదో వీళ్ళకే తెలుసు.

చీపురుపల్లి దారిలోనే వస్తుంది. కాని అక్కడావిడది చర్చి కుటుంబం. ఆదివారం పొద్దున్న ఆరాధన ఉంటుంది కాబట్టి తిరుగు ప్రయాణంలో సాయంత్రం రమ్మంది. అందుకని ముందు నెల్లిమర్ల వెళ్ళాం.

నెల్లిమర్లావిడ భర్త జూటు మిల్లులో పనిచేశాడు. వాళ్ళ మేడ మీద కుండీలు తక్కువ. మొక్కలన్నీ గోనె సంచుల్లోనే ఉన్నాయి. సంచుల అంచులు మడిచి, వరసగా ఇటుకల మీద నిలబెట్టారు. ఎండ ఇంకా ఎక్కలేదు. మా ఆవిడ మట్టిలో ఆమె వంగ, మిరప నాటింది.

"మాస్టారూ, ఇటు రండి," అని ఒక సంచి దగ్గరకు తీసుకెళ్ళింది. "మీరు వస్తన్నారని అక్క సెప్పిన కాణ్ణించి ఇదే సూస్తన్నాను. ఇది నేను ఎయ్యలేదండి. దానికదే వచ్చింది."

వంగ మొదట్లో పచ్చటి మొలక. వెడల్పులేని ఆకు, గడ్డిపోచలా సన్నగా. నేను అక్కను పిలిచాను. అక్క వంగి చూసి తల అడ్డంగా తిప్పింది.

"ఇది వాన లిల్లీయే. మే పువ్వుకి ఇలగ ఉండదు."

నెల్లిమర్లావిడ ముఖం చిన్నబోయింది. "ఉండండి, అడుగున ఉందేమో," అని సంచి రెండు చెవులూ పట్టుకుంది. అందులో వంగ కాపు మీద ఉంది. నాలుగైదు కాయలు వేలాడుతున్నాయి. వద్దన్నాను. అక్క కూడా వద్దంది. వినలేదు. సంచిని మేడ మీదే బోర్లించేసింది. వంగ వేళ్ళతో సహా పక్కకు పడింది. అందరూ గొంతుక్కూర్చుని మట్టిని చేతులతో కెలికారు. నేనూ కూర్చున్నాను. గుడ్డు పెంకులు, కొబ్బరి పీచు, సగం కుళ్ళిన టీ పొడి. అన్నీ మా వంటింట్లోవే. వాటిని మా ఆవిడ ఎండబెట్టి, నూరి, కలిపింది. దుంప మాత్రం లేదు. మిగతా సంచులు కూడా బోర్లిస్తానంది. ఈసారి అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. వేలు గుచ్చి చూసి ఊరుకున్నాం.

బయల్దేరేటప్పుడు నెల్లిమర్లావిడ వంగను మళ్ళీ సంచిలో నాటుతూ, "నా సేత్తో పోయుంటాది మాస్టారూ. మట్టి పోసినప్పుడు పార తగిలి ఉంటాది," అంది. అలా కాదని చెప్పాను. అలా కాదని నాకూ తెలియదు.

విజయనగరంలో షామియానాల కింద ప్రదర్శన. సువర్ణరేఖలు, పనుకులు, రసాలు, రకరకాల మామిడిపళ్ళు వరసగా పళ్ళేల్లో పేర్చి చీటీలు పెట్టారు. ముట్టుకోవద్దని రాసి ఉంది. ఎప్పుడు తీసుకుందో గాని, తరువాత వ్యాను ఎక్కాక ఒకావిడ సంచిలోంచి ఆ పళ్ళేల్లోని మామిడిపండు ఒకటి బయటపడింది. అక్క గుర్తుపట్టి తిట్టింది. "ఓలప్పా, పండు రుచి సూడకపోతే కొని తెచ్చుకోడం ఎలాగే?" అని ఆవిడ జవాబు.

చివరి వరసలో పూలు. ఒక బల్ల నిండా మే పువ్వులు, ఒక్కో కుండీలో ఒక్కో ఎర్రటి బంతి. నేను దూరంగా ఆగిపోయాను. కుండీలు అమ్మే మనిషి నన్ను పిలిచాడు. "రండి సార్. మొగ్గ మీద ఉన్నది అట్టుకెళ్ళండి, ఎల్లుండికి విచ్చుకుంతాది."

గ్రూపులో కొత్తగా చేరిన ఒకమ్మాయి నా పక్కకొచ్చింది. "ఇదే తీసుకోండి మాస్టారూ. అదీ ఇదీ ఒకటే కదా."

"నోరు ముయ్యే," అంది అక్క వెనకనుంచి.

ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేమీ లేదు. నేనే ఆ బల్ల వైపు సరిగ్గా చూడలేదు. మా దుంప ఎక్కడైనా పూసి ఉంటే, నేను దగ్గరగా చూసే మొదటి పువ్వు అదే కావాలనిపించింది. పూసే అవకాశం ఎంత తక్కువో తెలుసు. పార దెబ్బ, ఎండ, ఎలుకలు. ఇల్లు మారిన దుంప ఆ ఏడాది పుయ్యదని కూడా వాళ్ళలో వాళ్ళు అనుకోవడం విన్నాను.

ఎండ తగ్గేదాకా అక్కడే చెట్ల కింద కూర్చున్నాం. నాలుగు దాటాక చీపురుపల్లి బయల్దేరాం. దారిలో తాటిముంజలు అమ్ముతుంటే ఆపి తిన్నారు. నాకు సహించలేదు. ఇంకో ఇల్లే మిగిలింది. అక్కడ లేకపోతే లేదు. మా ఆవిడ చేత్తో పెట్టిన కూరమొక్కలన్నీ వేసవిలోపే అయిపోయాయి. మందారాలు ఉన్నాయి. కాని అవి ఆమె కోసం ఎప్పుడూ పూస్తూనే ఉన్నాయి. అవి నాకు ఏమీ బాకీ లేవు.

చీపురుపల్లావిడ నర్సు. సందు చివర చిన్న ఇల్లు. గేటు దగ్గరే నిలబడి ఉంది. "వందనాలండి అన్నయ్యగారూ," అంది. వెంటనే ఏడుపు ముఖం పెట్టింది. "అక్కా, ముందే సెప్పేస్తన్నాను, నన్ను తిట్టకు. ఆ బస్తా నేను ఇప్పనేదు."

"ఇప్పనేదేటి?"

"తెచ్చిన వారానికే మాయమ్మ పడిపోయి తుంటి ఇరిగిందా, డ్యూటీ ఒక పక్కా, అమ్మ ఒక పక్కా. మేడెక్కితే ఒట్టు. బస్తా ఎక్కడ దింపించినానో అక్కడే ఉన్నాది. మర్సిపోయినాను. మొక్కలన్నీ సచ్చిపోనాయి. మొన్న వానలకి బట్టలు తీద్దామని ఎక్కితే..." ఆమె మెట్ల వైపు నడిచింది. "పైకి రండి, మీరే సూడండి."

మెట్లు ఇరుకుగా ఉన్నాయి. ముందు అక్క, తరువాత నేను. మేడంతా ఎండిన కాడలు, బీటలువారిన కుండీలు. నీళ్ళ ట్యాంకు పక్కన మూలలో ఒక ప్లాస్టిక్ బియ్యం బస్తా పడుకోబెట్టి ఉంది. దాని మూతిని ఒక చీర పీలికతో కట్టారు. ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. అది మా ఆవిడ చీర, చిరిగాక పీలికలు చేసి టమాటాలను కర్రలకు కట్టేది. బస్తా ఎండకు పెళుసెక్కి పైన చిట్లిపోయింది. ఆ చిట్లినచోట నుంచి ఒక లావుపాటి కాడ వంకరగా బయటికొచ్చి, తరువాత నిటారుగా లేచింది. దాని చివర పువ్వు పూర్తిగా విచ్చుకుని ఉంది.

నేను దాని ముందు కూర్చున్నాను. దూరం నుంచి ఒక్క పువ్వులా కనిపించేది నిజానికి ఒక్కటి కాదు. కాడ చివర చాలా చిన్న పూలు, ఒక్కోటి ఆరు రెక్కలతో, అన్నీ కలిసి గుండ్రంగా. అన్నిటికీ పసుపు కొనలు. కింద వైపు కొన్ని అప్పుడే వాడుతున్నాయి. ఇంత వివరంగా మా ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. ఆమె కూడా ఇతరుల ఇళ్ళలో నిలబడి చూడటమే కదా.

చీపురుపల్లావిడ వెనక నుంచి గబగబా మాట్లాడుతోంది. "చుక్క నీళ్ళు పోసిన పాపాన పోనేదు అన్నయ్యగారూ. ఎలాగ బతికిందో ఆ దేవుడికే తెలియాల. నేను సరిగ్గా సూసుంటే ఇంకా ఎంత బాగుండేదో."

"నువ్వు సూడబట్టి కాదే పూసింది, సూడకపోబట్టి పూసింది," అంది అక్క. "ఈ దుంపకి చలికాలం నీళ్ళు తగలకూడదు. ఎండబెట్టీయాల. తడి తగుల్తూ ఉంతే దానికి నిద్ర ఉండదు, ఆకులే వస్తాయి." అలా అంటూనే నా వైపు తిరిగింది. "మాస్టారూ, ఆవిడ చలికాలం దీనికి నీళ్ళు పోసీదేటి?"

"రోజూ," అన్నాను.

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎవులూ సెప్పనేదేటి?" అంది కొత్తమ్మాయి మెల్లగా.

"ఏటని సెప్తాం?" అంది ఇంకొకావిడ. "పుయ్యట్లేదంటే మట్టి పడలేదనుకున్నాం, నీడనుకున్నాం. ఏటీ లేని కుండీకి ఎవులైనా నీళ్ళు పోస్తారేటి?"

ఆమె పోసింది. ఒక్క చలికాలం ఆమె మానేసి ఉంటే, జ్వరమొచ్చో ఊరెళ్ళో మరిచిపోయి ఉంటే, ఆ వేసవి మా మెట్ల పక్కన పువ్వు ఉండేది. ఆమె మరిచిపోలేదు. ఈ ఏడాది నీళ్ళు పోసే మనిషి లేదు కాబట్టి ఇది పూసింది. దీన్ని ఇంకోలా చెప్పుకుని ఊరట పొందవచ్చునేమో. పుస్తకాల్లో అలాంటి ఊరటలు చాలా చదివాను. ఆ మేడ మీద నాకు ఒక్కటీ అక్కరకు రాలేదు.

చీపురుపల్లావిడ కిందికి పోయి ఒక కుండీ, చిన్న పార తెచ్చింది. "తీసిస్తానండీ. మీదే కదా. వ్యానులో జాగ్రత్తగా పెట్టుకుంతే..."

"పువ్వు మీదుంటే కదపకూడదే," అంది అక్క. "బస్తాతోనే ఎత్తిద్దాం. నలుగురం పడితే దిగుతాది."

నలుగురూ కొంగులు బిగించారు. ఒకావిడ అప్పుడే బస్తా ఒక మూల పట్టుకుంది. నేను దీనికోసమే వచ్చాను. తీసుకెళ్ళి మెట్ల పక్కన పెట్టుకోవచ్చు. ఈ వారమంతా చూసుకోవచ్చు. తరువాత ఆకులు వస్తాయి, పండుతాయి. కార్తీకం వెళ్ళాక మట్టి తప్ప ఏమీ మిగలదు. అప్పుడు నేనేం చేస్తానో నాకు తెలుసు. పెద్దకర్మ మర్నాటి నుంచి మేడ మీద కుండీలన్నిటికీ నేనే నీళ్ళు పోస్తున్నాను. ఎండిపోయిన బచ్చలికీ పోశాను. వేరు కూడా మిగలని బెండ కుండీలకు ఇప్పటికీ పోస్తున్నాను. పొయ్యకుండా వాటిని దాటి రావడం నా చేత కాలేదు.

"ఉండనివ్వండి," అన్నాను.

"ఏటండీ?" అంది బస్తా పట్టుకున్నావిడ.

"ఇక్కడే ఉండనివ్వండి. ఈవిడ దగ్గరే."

చీపురుపల్లావిడ భయపడిపోయింది. "నా దగ్గరా? నేను మళ్ళీ మర్సిపోతాను అన్నయ్యగారూ. మాయమ్మని సూసుకోవాలి, డ్యూటీ ఉంటాది. నన్ను నమ్ముకోకండి."

"మర్చిపోతేనే మంచిదమ్మా. ఆకులున్నన్నాళ్ళు వానే చూసుకుంటుంది. ఆకులు పోయాక మాత్రం గుర్తుపెట్టుకోకండి."

ఆమెకు అర్థం కాలేదు. అక్క వైపు చూసింది.

"ఒసే, మర్సిపోడానికే నీకిస్తన్నారే," అంది అక్క. "ఈ గ్రూపులో ఆ పని సేతనైంది నీ ఒక్కత్తికే." ఎవరో నవ్వారు. తరువాత అందరూ నవ్వారు. చీపురుపల్లావిడ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అక్క నవ్వలేదు. నా వైపు చూసి, బస్తా పట్టుకున్నావిడ భుజం తట్టింది. ఆవిడ దాన్ని ఎలా ఉన్నదాన్ని అలా దించేసింది.

వాళ్ళు టీ తాగడానికి కిందికి వెళ్ళారు. నేను ఇంకాసేపు ఉంటానన్నాను. స్టేషను వైపు నుంచి రైలు వెళ్ళిన చప్పుడు వచ్చింది. వెలుతురు తగ్గే కొద్దీ పువ్వు ఎరుపు నల్లబడుతూ వచ్చింది. రాలిన చిన్న పువ్వొకటి బస్తా మీద ఉంటే తీసి చేతిలో పెట్టుకున్నాను. దాన్ని ఏం చెయ్యాలో తోచక మళ్ళీ అక్కడే పెట్టేశాను.

కింద నుంచి చీపురుపల్లావిడ పిలిచింది. "అన్నయ్యగారూ, సీకటి పడిపోతంది. మెట్లు సూసుకుని దిగండి, లైటు లేదు."

గోడ పట్టుకుని దిగాను. వాళ్ళమ్మ ముందు గదిలో మంచం మీద ఉంది. నేను ఎవరినని అడిగింది. మొక్కలాయన అని కూతురు చెప్పింది. ఆవిడ చెయ్యి చాపితే పట్టుకున్నాను. వ్యానులో ముందు సీటు నిండా ఎవరివో మామిడిపళ్ళ సంచులు పెట్టేశారు. వాటిని సర్ది ఒకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.